దేనితో భాగించాలి? ఇంటి ప్రయాణాల లెక్క, ఒక నెల ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 28, తెనాలి

ఇదంతా రాత్రి అన్నాల దగ్గర మొదలైంది. తన కరెంటు స్కూటర్‌కు కిలోమీటరుకు పావలా కూడా అవదని మా ఆవిడ అంది. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన బాబాయ్ "బస్సును మించింది లేదమ్మా" అన్నాడు. పక్కనే ఉన్న బావ నవ్వాడు. "మీ బస్సు లీటరుకు ఐదు. నా ట్రాలీ బండి పద్దెనిమిది. ఇంక మాటలెందుకు?"

ముగ్గురూ నిజమే చెబుతున్నారు. కాకపోతే ఒకరిది రూపాయల లెక్క, ఒకరిది మనుషుల లెక్క, ఇంకొకరిది లీటర్ల లెక్క. నేను అకౌంట్స్ మనిషిని. కుడి పక్క, ఎడమ పక్క కలవని లెక్క చూస్తే నాకు నిద్ర పట్టదు. ఒక నెలపాటు మా ఇంటి తిరుగుడంతా కొలిచి ఒక షీటులో పెడదామని నిర్ణయించుకున్నాను. రవాణా, ఇంధన గణాంకాల్లో వాడే మాటల్లో అవసరమైనవి దారిలోనే నేర్చుకోవచ్చు.

మార్చి 2

విజయవాడకు రైలు నెలపాసు తీసుకున్నాను. షీటులో మొదటి గడి పేరు "వాహన-కిలోమీటరు". బండి ఎంత దూరం తిరిగిందన్నదే ఇందులో లెక్క. అందులో ఒకరున్నారా, అరవై మంది ఉన్నారా అన్నది పట్టదు. టైర్ల అరుగుదలకో, రోడ్డు మీది రద్దీకో ఇది పనికొస్తుంది. మా ఇంటి తగాదా మాత్రం దీంతో తీరదు.

నా పెట్రోల్ స్కూటర్‌కు ట్యాంకు నిండుగా కొట్టించి రీడింగ్ రాసుకున్నాను. కరెంటు స్కూటర్ ఛార్జర్‌కూ గోడ సాకెట్‌కూ మధ్య యూనిట్లు చూపించే చిన్న ప్లగ్ మీటరు ఒకటి పెట్టాను. "ఇప్పుడు నా బండికి కూడా కాపలానా?" అంది ఆవిడ.

మార్చి 6

పొద్దున రైలు తప్పిపోయింది. మంచిదే అయింది, బస్సు లెక్క ఈ రోజే దొరికింది. వెనక సీట్లో కూర్చుని మనుషుల్ని లెక్కపెట్టడం మొదలెట్టాను. సీట్లు 50. దుగ్గిరాల దాకా సుమారు 12 కి.మీ. బస్సులో 24 మంది. అక్కడి నుంచి మంగళగిరి దాకా 11 కి.మీ. 46 మంది. ఆ తర్వాత విజయవాడ దాకా 13 కి.మీ. 58 మంది, అంటే ఎనిమిది మంది నిలబడ్డారు. మొత్తం మీద ఎక్కినవాళ్లు 81 మంది.

సాయంత్రం షీటులో మొదటి తప్పు చేశాను. 81 మందిని 36 కిలోమీటర్లతో గుణించి 2,916 అని రాశాను. సీట్లు 50, దూరం 36, అంటే బస్సు ఇవ్వగలిగింది 1,800. 162 శాతం నిండిందన్నమాట! మనుషులు టాప్ మీద కూడా కూర్చుని ఉండాలి.

ఎక్కిన ప్రతివాడూ చివరిదాకా రాడు కదా. దుగ్గిరాలలో ఎక్కి మంగళగిరిలో దిగేవాడు 11 కిలోమీటర్ల మనిషే. అందుకే ముక్కలుగా వేయాలి: 24ను 12తో, 46ను 11తో, 58ని 13తో గుణించి కూడితే 1,548. ఇదీ "ప్రయాణికుడు-కిలోమీటరు". ఒక మనిషి ఒక కిలోమీటరు ప్రయాణిస్తే ఒకటి. రవాణా లెక్కల్లో నూటికి తొంభై తగాదాలు ఈ ఒక్క మాట దగ్గర తీరతాయని నాకు అనిపించింది. 1,548ని 1,800తో భాగిస్తే 86 శాతం. ఆర్టీసీ వాళ్లు "ఓఆర్" అనే ఆక్యుపెన్సీ రేషియో ఇదే. అదే 1,548ని ఎక్కిన 81 మందితో భాగిస్తే ఒక్కొక్కరి సగటు ప్రయాణం 19 కి.మీ. రైల్వే వాళ్లు దీన్ని "లీడ్" అంటారు.

నిలబడ్డవాళ్లు కూడా లెక్కలో ఉంటారు కాబట్టి ఓఆర్ వంద దాటవచ్చు. పేపర్లో "105 శాతం" అని చూసి ఇన్నాళ్లూ అచ్చుతప్పు అనుకున్నాను.

మార్చి 8

ఆదివారం బాబాయ్ దగ్గర కూర్చున్నాను. బస్సులో నేను చేసిన పని చెబితే, "ఒరేయ్, నువ్వు ఒక్క ట్రిప్పుకు చేసింది మేం రోజూ చేసేవాళ్లం" అన్నాడు.

టికెట్ మిషన్లు రాకముందు కండక్టర్ దగ్గర టికెట్ ట్రే ఉండేది. ఒక్కో రేటుకు ఒక్కో కట్ట. ప్రతి స్టేజీ దగ్గర ఏ కట్ట ఏ నంబరు దాకా వచ్చిందో "ఎస్‌ఆర్"లో రాయాలి. బస్సు కదులుతుంటే, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని, చిల్లర కోసం అరిచేవాళ్ల మధ్యన రాయాలి. చెకింగ్ వాళ్లు ఎక్కితే ముందు చూసేది అదే. స్టేజీ దాటి నంబర్లు క్లోజ్ చేయకపోతే ఉద్యోగం మీదికి వచ్చేది.

"ఎస్‌ఆర్ అంటే ఏంటి బాబాయ్?"

"స్టాటిస్టికల్ రిటర్న్."

ఆ రెండు అక్షరాల విడి రూపం ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. గణాంకాలంటే ఎక్కడో ఆఫీసులో పుట్టేవి అనుకుంటాం. రాష్ట్రం మొత్తం మీద ఎన్ని ప్రయాణికుడు-కిలోమీటర్లు అన్న అంకె అడుగున ఉన్నది కుదుపుల మధ్య పెన్సిల్‌తో రాసిన ఈ కాగితమే. ఇప్పుడు ఆ పని మిషన్ చేస్తుంది. మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. డబ్బులు లేకపోయినా జీరో టికెట్ కొట్టి చేతికిస్తారు. డబ్బుల్లేని టికెట్ ఎందుకని మా పక్కింటావిడ విసుక్కునేది. టికెట్ లేకపోతే ఆ మనిషి లెక్కలోకే రాదు, లెక్కలోకి రాకపోతే ఆ ప్రయాణానికి ప్రభుత్వం సంస్థకు కట్టాల్సిన డబ్బుకు ఆధారం ఉండదు.

బాబాయ్ ఇంకో మాట కూడా ఇచ్చాడు: "డెడ్ కిలోమీటర్లు". డిపో నుంచి బస్టాండ్‌కు, రాత్రి బస్టాండ్ నుంచి డిపోకు ఖాళీగా తిరిగే దూరం. డీజిల్ కాలుతుంది, టికెట్ తెగదు. నా 36 కిలోమీటర్లలో అవి లేవు. షీటులో గడి ఒకటి తెరిచి పెట్టాను.

మార్చి 12

బాబాయ్ పాత స్నేహితుడు, ఒక డ్రైవరు, ఇంటికొచ్చాడు. డిపోలో ఎవరి బండి లీటరుకు ఎంత ఇస్తుందో "కేఎంపీఎల్" లెక్క ఉంటుంది. ఎక్కువ తెచ్చిన డ్రైవర్లకు పేరూ, ఒక్కోసారి ప్రైజూ. మాటల్లో నేనో ప్రశ్న వేశాను: ఒక బస్సు లీటరుకు 4, ఇంకోటి 6, రెండూ చెరో వంద కిలోమీటర్లు తిరిగితే సగటు ఎంత? అందరూ 5 అన్నారు. నేనూ మొదట అదే రాశాను. వేసి చూస్తే మొదటి బస్సు 25 లీటర్లు తాగింది, రెండోది 16.7. మొత్తం 41.7 లీటర్లకు 200 కి.మీ. అంటే సగటు 4.8.

లీటరుకు కిలోమీటర్లు అన్న కొలతలో ఉన్న తిరకాసు ఇదే. సగటు తీయాలంటే తిరగేసి, కిలోమీటరుకు ఎన్ని లీటర్లు అని చూడాలి. యూరప్‌లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని రాసేది అందుకే పనికొస్తుంది. మనకు మాత్రం "మైలేజీ ఎంత?" అన్నదే నోట్లో నలిగిన మాట. మైలు పోయి దశాబ్దాలైనా మైలేజీ పోలేదు.

మార్చి 15

బావ బండి రోజు. పసుపు సీజను, దుగ్గిరాల యార్డుకు రోజూ తోలకాలే. నేనూ ముందు సీట్లో కూర్చున్నాను. వాళ్ల ఊరి నుంచి యార్డుకు 12 కి.మీ. కాటా చీటీ మీద సరుకు 700 కిలోలు, బండి సామర్థ్యం 750. వెళ్లేటప్పుడు బండి దాదాపు నిండు. వచ్చేటప్పుడు బండిలో నేనూ, బావా, ఖాళీ గోనెసంచులూ.

సరుకు రవాణాకు కొలత "టన్ను-కిలోమీటరు". 0.7 టన్నులు, 12 కి.మీ., అంటే 8.4. కానీ బండి తిరిగింది 24 కి.మీ. మోయగలిగింది 18 టన్ను-కిలోమీటర్లు. లోడ్ ఫ్యాక్టర్ 47 శాతం. బావ మొహం చిన్నబోయింది. "నిండా ఎక్కించుకుని వెళ్తే సగం కూడా లేదంటావేంటి?"

"రావడం కూడా బండి తిరగడమే కదా బావా."

లీటరుకు 18 చొప్పున 24 కిలోమీటర్లకు 1.33 లీటర్ల డీజిల్. లీటరు డీజిల్‌లో సుమారు 38 మెగాజౌళ్ల వేడి. మొత్తం 51. దాన్ని 8.4తో భాగిస్తే ఒక్కో టన్ను-కిలోమీటరుకు 6 మెగాజౌళ్లు. తిరుగు ప్రయాణంలో అర టన్ను ఎరువు బస్తాలు దొరికితే ఇంకో 6 టన్ను-కిలోమీటర్లు కలిసి, అది దాదాపు మూడున్నరకు పడిపోతుంది. మైలేజీ మాత్రం మారదు, బరువు వల్ల కాస్త తగ్గినా తగ్గవచ్చు. లీటరుకు 18 అని బావ మురిసిపోయే అంకెకు ఈ తేడా కనబడదు.

"నువ్వు కాగితం మీద ఎరువు ఎక్కించావు. షాపువాడు నేను వచ్చే టైముకు ఎక్కించాలిగా" అన్నాడు బావ.

రైల్వేలో ఇంకో మెలిక ఉంది. సరుకు బరువు మాత్రమే లెక్కేస్తే నికర టన్ను-కిలోమీటరు, వ్యాగన్ల బరువు కూడా కలిపితే స్థూల టన్ను-కిలోమీటరు. కరెంటు ఖర్చును వెయ్యి స్థూల టన్ను-కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు అని చూస్తారు. ఇంజనుకు బస్తా బరువూ ఒకటే, ఇనుము బరువూ ఒకటే. కిరాయి కట్టేవాడికి మాత్రం బస్తా బరువే కావాలి. ఎవరి ప్రశ్నకు జవాబు కావాలో దాన్ని బట్టి అంకె.

మార్చి 19, ఉగాది

పచ్చడి తిని షీటు తెరిచాను. నా స్కూటర్ 207 కి.మీ.కు 4.5 లీటర్లు తాగింది, లీటరుకు 46. లీటరు పెట్రోలుకు 32 మెగాజౌళ్లు అని పెట్టి, కిలోమీటరుకు 0.70 అని రాసుకున్నాను.

పండక్కి వచ్చిన మేనకోడలు బీఎస్సీ కెమిస్ట్రీ. భుజం మీంచి చూసి, "మావయ్యా, నువ్వు కొట్టించేది పెట్రోలు కాదు కదా" అంది. నిజమే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్ లీటరుకు 21 మెగాజౌళ్లే. కలిపి వేస్తే 30కి దిగింది. సరే అని దిద్దాను.

వదల్లేదు. "డీజిల్‌కు 38 వేశావు. అది స్థూల విలువ. పెట్రోలుకు నికర విలువ వేశావు."

ఇంధనం మండితే ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి నీరుగా మారేటప్పుడు ఇచ్చే వేడిని కూడా కలుపుకుంటే స్థూల ఉష్ణ విలువ, వదిలేస్తే నికరం. పెట్రోలు, డీజిల్‌కు తేడా ఆరేడు శాతం ఉంటుంది. ఒక గడిలో ఒకటి, పక్క గడిలో ఇంకొకటి వేయకూడదు. మన దేశంలో బొగ్గు ప్లాంట్ల లెక్క స్థూల విలువ మీద నడుస్తుంది కాబట్టి అన్నీ అలాగే మార్చాను. ఈ20 స్థూల విలువ లీటరుకు 32 వచ్చింది.

మళ్లీ 32! రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని నన్ను బయలుదేరిన చోటే దించాయి. ఇద్దరం పడీపడీ నవ్వాం. జవాబు సరిగ్గా వచ్చినంత మాత్రాన లెక్క సరైనదని కాదని మా ఆడిటరు ఒకాయన అంటుండేవాడు.

ఇదే ఊపులో బస్సు కూడా. 36 కి.మీ., లీటరుకు 5 చొప్పున 7.2 లీటర్లు, 274 మెగాజౌళ్లు. 1,548తో భాగిస్తే మనిషి-కిలోమీటరుకు 0.18. ఒక్కడినే వెళ్తే నా స్కూటర్ 0.70, ఇద్దరం ఎక్కితే 0.35. దుగ్గిరాల దాకా 24 మందితో నడిచిన ముక్క విడిగా వేస్తే బస్సుది 0.32. సగం ఖాళీ బస్సుకూ, ఇద్దరెక్కిన స్కూటర్‌కూ పెద్ద తేడా లేదు. బాబాయ్‌కి ఇది ఇంకా చెప్పలేదు, పండగ పూట ఎందుకని.

మార్చి 24

రెండు రోజులుగా తల తినేసిన లెక్క ఇవాళ తేలింది.

కరెంటు స్కూటర్ డిస్‌ప్లే కిలోమీటరుకు 29 వాట్-అవర్లు అంటుంది. ప్లగ్ మీటరు 35 అంటుంది. మధ్యలో పోయింది ఛార్జర్ వేడికి, బ్యాటరీలో నష్టానికి. బిల్లు కట్టేది 35కే కాబట్టి అదే తీసుకున్నాను. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్-అవర్లు, అంటే 3.6 మెగాజౌళ్లు. కిలోమీటరుకు 0.126. నా పెట్రోల్ బండిలో ఐదో వంతు కంటే తక్కువ! ఆవిడకు చూపించాను, ఆ రోజు కాఫీ రెండుసార్లు వచ్చింది.

కానీ సాకెట్ దగ్గర ఆగడం న్యాయమా? పెట్రోలు నా ట్యాంకులోనే మండుతుంది. కరెంటు కోసం మండేది ఇంకెక్కడో ఉంది. మాకైతే కృష్ణ అవతల ఇబ్రహీంపట్నంలోనే, థర్మల్ స్టేషన్ పొగగొట్టాల కింద. అక్కడిదాకా వెనక్కి నడిచాను.

మొదటి అడుగులోనే జారాను. లైన్లలో నష్టం కోసం వెతికి "ఏటీ అండ్ సీ" నష్టాల శాతం తెచ్చి పెట్టాను. తర్వాత అర్థమైంది, అందులో సి అంటే కమర్షియల్. వాడుకుని బిల్లు కట్టనివాళ్లు, మీటరు తప్పించేవాళ్లు, వసూలు కాని డబ్బు కూడా అందులోకి వస్తాయి. ఎవరో బిల్లు ఎగ్గొడితే ఆ కరెంటు గాలిలో కలిసిపోలేదు, వాళ్లింట్లో ఫ్యాను తిరిగింది. వేడి లెక్కకు కావాల్సింది "టీ అండ్ డీ" నష్టం, అంటే ప్లాంటు నుంచి ఇంటిదాకా లైన్లలో పోయేది. నా షీటుకు 15 శాతం అనుకున్నాను. 35 కాస్తా 41 అయింది. ప్లాంటు సొంత పంపులకు, ఫ్యాన్లకు, బొగ్గు మిల్లులకు ఇంకో 7 శాతం, దాన్ని ఆగ్జిలరీ కన్సంప్షన్ అంటారు. 44 అయింది. ఆఖరిది "హీట్ రేట్", అంటే యూనిట్ కరెంటుకు ఎన్ని కిలో కేలరీల బొగ్గు అని. నేను 2,450 పెట్టాను. యూనిట్‌లో ఉండేది 860 మాత్రమే. బొగ్గు వేడిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువే కరెంటు అవుతుంది, మిగతాది నీళ్లలోకీ, గాల్లోకీ పోతుంది.

చివరికి వచ్చిన అంకె 126.

ఇక్కడే తల తిరిగింది. ముందు కూడా 126 వచ్చింది కదా, ఎక్కడో ఒకే గడిని రెండుసార్లు లింకు చేశానని రెండు రాత్రులు ఫార్ములాలు తవ్వాను. తప్పేం లేదు. మొదటిది సాకెట్ దగ్గర 126 కిలోజౌళ్లు. రెండోది బొగ్గు దగ్గర 126 వాట్-అవర్లు. నష్టాలన్నీ కలిపి 3.6 రెట్లు వచ్చాయి, యూనిట్ మార్పిడి కూడా 3.6. ఉత్త కాకతాళీయం. అంకె పక్కన యూనిట్ రాయకపోతే ఏమవుతుందో నాకు నేనే చూపించుకున్నాను.

బొగ్గు దగ్గరి 126 వాట్-అవర్లు అంటే 0.45 మెగాజౌళ్లు. సాకెట్ దగ్గర చూస్తే ఆవిడ బండి బస్సు కంటే మెరుగు. బొగ్గు దగ్గర చూస్తే బస్సు ఎంతో ముందు, పెట్రోల్ స్కూటర్ ఇంకా వెనకే. అయితే ఇది కరెంటంతా బొగ్గుదే అనుకుంటే. సోలార్, గాలి, జల విద్యుత్తు కలిసేకొద్దీ ఈ అంకె దిగుతుంది. పెట్రోలు, డీజిల్ వైపు కూడా చమురు బావి, రిఫైనరీ, ట్యాంకర్ ఖర్చు నేను కలపలేదు. "ట్యాంకు నుంచి చక్రం దాకా" అనేది ఒక లెక్క, "బావి నుంచి చక్రం దాకా" అనేది ఇంకో లెక్క. వాట్సాప్‌లో తిరిగే పోస్టుల్లో ఒక బండికి మొదటిది, పోటీ బండికి రెండోది వేసి గెలిపిస్తారు. అటువాళ్లూ అంతే, ఇటువాళ్లూ అంతే.

మార్చి 27

చిన్న గడి. పేపర్లో "ఇన్ని మెగావాట్ల కరెంటు వాడారు" అని కనబడితే ఇప్పుడు చికాకు. మెగావాట్ అంటే ఆ క్షణాన ఎంత జోరు అన్నది. వాడకం కొలిచేది యూనిట్లలో, పెద్దదైతే మిలియన్ యూనిట్లలో. ఇబ్రహీంపట్నంలో ఉన్న 210 మెగావాట్ల యూనిట్ ఒకటి రోజంతా నిండుగా తిరిగితే 50 లక్షల 40 వేల యూనిట్లు, అంటే 5.04 మిలియన్ యూనిట్లు. నిజంగా వచ్చింది అందులో ఎంత శాతమో అదే పీఎల్ఎఫ్, ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్. బస్సుకు ఓఆర్, బండికి లోడ్ ఫ్యాక్టర్, ప్లాంటుకు పీఎల్ఎఫ్. మూడూ అడిగేది ఒకటే: ఇవ్వగలిగిన దాంట్లో ఎంత ఇచ్చావు?

ఇంకో తమాషా, యూనిట్ అన్న మాట కరెంటుకూ అదే, ప్లాంటులోని మిషన్‌కూ అదే.

మార్చి 29

డాలస్‌లో ఉన్న చిన్ననాటి స్నేహితుడికి షీటు పంపాను. వాడి కారు గ్యాలన్‌కు 30 మైళ్లట. వాళ్ల గ్యాలన్ 3.785 లీటర్లు, కాబట్టి మన లెక్కలో లీటరుకు 12.75. అక్కడి పుస్తకాల్లో వేడికి కొలత బీటీయూలు, దేశం మొత్తానికైతే అంతకంటే ఎంతో పెద్దవైన క్వాడ్‌లు. బ్యారెల్ అంటే 42 గ్యాలన్లు, దాదాపు 159 లీటర్లు. "నీ జౌళ్లు నాకెక్కవురా" అన్నాడు.

అందరికీ ఒక కొలత కావాలంటే టన్ను చమురుకు సమానం, టీఓఈ. దీని నిర్వచనం మన నోటికి బాగా అందుతుంది: కోటి కిలో కేలరీలు. అంటే 11,630 యూనిట్లు. మా ఇంటి రెండు స్కూటర్లూ నెల మొత్తం మీద తిన్నది, పెట్రోలు 9 లీటర్లు, కరెంటు 17.9 యూనిట్లు (సాకెట్ దగ్గర), కలిపి 352 మెగాజౌళ్లు. చమురు లెక్కన సుమారు ఎనిమిదిన్నర కిలోలు. సగం నూనె డబ్బా. బావ బండి దీంట్లో కలపలేదు, కలిపితే మా స్కూటర్లు కనబడవు.

మార్చి 31

నెలపాసు అయిపోయింది. ఈ నెల నేను రైలెక్కింది 41 సార్లు. ఉగాది, ఆదివారాలు, ఆ తప్పిపోయిన రైలు పోను. రైల్వే గణాంకాల్లో నెలపాసు అంటే 50 ప్రయాణాలు, 25 రోజులు రానూ పోనూ అని లెక్క. గేటు దగ్గర మమ్మల్ని లెక్కపెట్టే మిషన్ ఏదీ లేదు కాబట్టి అలా అనుకోవడం తప్ప దారి లేదు. 31 కి.మీ. చొప్పున నేను వేసుకున్నవి 1,271 ప్రయాణికుడు-కిలోమీటర్లు, వాళ్ల లెక్కలో 1,550. మిగిలిన 279 కిలోమీటర్లు నా పేరున ఎవరు తిరిగారో!

ఏప్రిల్ 4

షీటు ప్రింటు తీసి బాబాయ్ చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తాల వరుస నుంచి చదవడం మొదలెట్టాడు, ఎస్‌ఆర్ చూసే అలవాటు. 24 మంది దగ్గర ఆగి, "పొద్దున ట్రిప్పు కదా, అంతే ఉంటారు" అని వెనకేసుకొచ్చాడు. స్కూటర్ వరుస దగ్గరికొచ్చాడు.

"ఒకరు అని రాశావు. ఎవరు?"

"నేనే బాబాయ్, తోలేవాణ్ని."

"మరి బస్సులో డ్రైవరు, కండక్టరు ఉన్నారా ఈ 58 మందిలో?"

లేరు. కారు, స్కూటర్ నడిపేవాడు ప్రయాణికుడి కింద వస్తాడు, ఎందుకంటే వాడూ ఎక్కడికో వెళ్తున్నాడు. బస్సు సిబ్బంది డ్యూటీలో ఉన్నారు, ఎక్కడికీ వెళ్లడం లేదు. లెక్కల్లో అందరూ పాటించే పద్ధతి అదే. అలాగే చెప్పాను.

"అంటే ముప్ఫై ఒక్క ఏళ్లు నేను ఎక్కడికీ పోలేదన్నమాట" అన్నాడు. కోపం లేదు, నవ్వు కూడా లేదు. ప్రింటు తిరగేసి, జేబులోంచి పెన్సిల్ తీసి, రోజుకు 280 అని రాసి, పక్కన గుణకారం గుర్తు పెట్టాడు.